పాత ఆర్‌ఎక్స్-7 బాగుచేయాలనుకుంటే: రోటరీ ఇంజన్ కారు గురించి కొత్తవాళ్ళు ముందే తెలుసుకోవాల్సింది

డల్లాస్‌లోనో జెద్దాలోనో ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయి ఒకరోజు ఇంటికి ఫోన్ చేస్తాడు. "అబ్బా, ఒక పాత స్పోర్ట్స్ కారు చూశాను. స్టార్ట్ అవడం లేదంట, అందుకే చౌకగా ఇస్తున్నారు. నేనే బాగుచేసుకుంటా" అంటాడు. కడపలోనో నిజామాబాద్‌లోనో ఆ మాట విన్న తండ్రికి అంబాసిడర్, మారుతి 800 గుర్తొస్తాయి. ఇంజన్ బోరుకొచ్చి ఉంటుంది, దించి రింగులు మార్పిస్తే సరిపోతుంది అనుకుంటాడు.

ఆ కారు మాజ్దా ఆర్‌ఎక్స్-7 అయితే ఈ లెక్క పనిచేయదు. అందులో పిస్టన్లు లేవు, రింగులు లేవు, వాల్వులు లేవు. అరిగితే బోరు చేయించే వీలూ లేదు. మన మేస్త్రీలు తరతరాలుగా నేర్చుకున్న విద్యలో సగం ఇక్కడ అక్కరకు రాదు. అలాగని ఇది మంత్రవిద్య కూడా కాదు. భాగాలు తక్కువ, సూత్రం సులువు. ఓపిక ఉన్న కొత్తవాడు చేయగలిగిన పనే. కాకపోతే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది పానా పట్టుకున్నాక కాదు, బేరం కుదుర్చుకున్న రోజునే.

సమోసా తిరిగే ఇంజన్

ఈ ఇంజన్‌కు మూలం జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన. ఎన్‌ఎస్‌యూ అనే జర్మన్ కంపెనీలో 1957లో మొదటి నమూనా తిరిగింది. 1961లో జపాన్‌లోని హిరోషిమా కంపెనీ మాజ్దా దాని లైసెన్సు తీసుకుంది. కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లను ఆ పనిమీద కూర్చోబెట్టింది. వాళ్ళకు మొదట ఎదురైన చిక్కు ఏమిటంటే, ఇంజన్ కొంతసేపు తిరగగానే లోపలి గోడమీద అలలు అలలుగా గీతలు పడేవి. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు "దయ్యం గోళ్ళ గీతలు". సీళ్ళను వేరే పదార్థంతో చేసి ఆ చిక్కు విప్పారు. 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారు బయటికొచ్చింది. 1978లో ఆర్‌ఎక్స్-7 వచ్చింది. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసును మాజ్దా 787బి గెలిచింది. ఆ రేసు గెలిచిన మొదటి జపాన్ కారు అదే.

పనిచేసే తీరు అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్తే చాలు. పక్కలు ఉబ్బిన సమోసాను ఊహించుకోండి. అది రోటర్. నడుం దగ్గర కాస్త నొక్కుకుపోయిన వేరుశెనక్కాయను ఊహించుకోండి. అది హౌసింగ్, అంటే రోటర్ తిరిగే గది. సమోసా మూడు మూలలూ ఎప్పుడూ గోడను తాకుతూనే తిరుగుతాయి. దాంతో గది మూడు భాగాలవుతుంది. ఒక భాగం పెట్రోలు, గాలి పీల్చుకుంటుంటే ఇంకోటి దాన్ని నొక్కి మండిస్తుంది, మూడోది పొగను బయటికి తోస్తుంది. రోటర్ ఒక్క చుట్టు తిరిగేలోగా షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. ఆర్‌ఎక్స్-7లో ఇలాంటి రోటర్లు రెండు. 12ఏ ఇంజన్‌లో రెండూ కలిపి 1146 సీసీ, 13బిలో 1308 సీసీ. మన హ్యాచ్‌బ్యాక్ కారంత సైజే, కానీ శక్తి చాలా ఎక్కువ, వణుకు చాలా తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. సమోసా మూలల్లో, గోడను తాకేచోట, సన్నటి లోహపు పలకలు ఉంటాయి. వీటిని ఏపెక్స్ సీళ్ళు అంటారు. 12ఏలో మందం 3 మిల్లీమీటర్లు, 1986 నుంచి వచ్చిన 13బిలో 2 మిల్లీమీటర్లు. ఈ కారు భవిష్యత్తంతా ఆ పలకల మీదే ఉంది. అవి అరిగినా, విరిగినా, మసి పట్టి గాడిలో ఇరుక్కుపోయినా ఒత్తిడి నిలవదు. విరిగిన ముక్క గోడను గీసిందంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే ఆ గోడకు గట్టి క్రోమ్ పూత ఉంటుంది. పూత లేచిపోతే మామూలు సిలిండర్‌లా బోరు చేసి పెద్ద సైజు వేయలేం. హౌసింగే మార్చాలి.

సీళ్ళకు నూనె కావాలి కాబట్టి చిన్న పంపు ఒకటి ఇంజన్ ఆయిల్‌ను కొద్దికొద్దిగా మండే గదిలోకే పంపుతుంది. అందుకే ఈ కారు ఆయిల్ తాగడం జబ్బు కాదు, దాని స్వభావం. పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ ఆయిల్ గేజి తీసి చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటు లేని యజమాని చేతిలో ఎంత మంచి ఇంజన్ అయినా పాడవుతుంది.

బేరం కుదిరే ముందు

అమ్మేవాళ్ళు తరచుగా చెప్పే మాట: "ఏం లేదు, పెట్రోలు ఎక్కువై ఫ్లడ్ అయింది, అంతే." ఇది నిజం కావచ్చు. ఈ ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, కారును నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేస్తే లోపల పెట్రోలు నిండి మళ్ళీ స్టార్ట్ కాదు. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, స్టార్టర్‌తో కొంచెం కొంచెం తిప్పితే ఆ పెట్రోలు బయటికి పోతుంది. నిజంగా ఫ్లడ్డే అయితే గంటలో తేలిపోతుంది. తేలకపోతే ఆ మాట వెనక అరిగిన సీళ్ళు ఉండొచ్చు.

తేల్చేది కంప్రెషన్ పరీక్ష. మామూలు షెడ్డులో ఉండే గేజి ఇక్కడ మోసం చేస్తుంది. అది మూడు భాగాల్లో ఎక్కువ ఒత్తిడి ఉన్నదాన్నే చూపిస్తుంది, బలహీనమైన రెండూ దాని చాటున దాక్కుంటాయి. మూడు భాగాలనూ విడివిడిగా చూపే రోటరీ గేజి ఉన్నవాడిని పిలిపించుకోవడం మేలు. అది దొరక్కపోతే గేజిలోని గాలి పట్టివుంచే వాల్వును నొక్కిపట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పాలి. ముల్లు మూడుసార్లు సమానంగా ఎగరాలి, చెవికి కూడా మూడు "ఫుస్"లు ఒకే తీరుగా వినపడాలి. ఒకటి బాగుండి రెండు నీరసంగా ఉంటే ఏపెక్స్ సీలు పోయిందని అనుమానించాలి, ఎందుకంటే ఒక్కో మూల రెండు భాగాలకూ ఉమ్మడి. ఒక్కటే నీరసంగా ఉంటే పక్క సీలు కావచ్చు. ఆర్‌ఎక్స్-8కి కంపెనీ పెట్టిన కనీస హద్దు 250 చుట్ల వేగం దగ్గర 680 కిలోపాస్కల్స్.

కారు నడుస్తుంటే ఇంకో పరీక్ష. ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా తిప్పి ఆపేయాలి. పది నిమిషాలు టీ తాగి వచ్చి మళ్ళీ తాళం తిప్పాలి. అరిగిన రోటరీ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడిలో మొరాయిస్తుంది. కూలెంట్ తగ్గుతోందా, స్టార్ట్ చేయగానే తెల్లపొగ గట్టిగా వస్తోందా అని కూడా చూడాలి. వస్తుంటే నీళ్ళ సీళ్ళు పోయి ఉండొచ్చు. అప్పుడు ఇంజన్ మొత్తం విప్పక తప్పదు.

అమ్మేవాడి విషయంలో మనవాళ్ళకు కొత్తగా చెప్పాల్సింది లేదు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని బయటపెట్టి, ఆ వ్యాపారిని మందలించిన సంఘటన అందరికీ తెలిసిందే. దాచిపెట్టిన లోపం బయటపడితే సరుకు తిరిగిచ్చే హక్కు కొనేవాడికి ఫిఖహ్‌లో ఉంది. కానీ అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఇలాంటి పాత కార్లు "ఉన్నది ఉన్నట్టు" అనే షరతు మీదే చేతులు మారతాయి. కాగితం మీద సంతకం పెట్టాక ఆ హక్కు రాబట్టుకోవడం కష్టం. చేయి ముందే పెట్టి చూసుకోవాలి. రేపు అదే అబ్బాయి ఆ కారు అమ్మే రోజున అవతలివాడికి కంప్రెషన్ అంకెలు చూపించాల్సింది కూడా తనే.

ఏ మోడల్ అనేది ఇంకో ప్రశ్న. మొదటి తరం, 1978 నుంచి 1985 వరకు వచ్చినది, కార్బురేటర్‌తో సాదాగా ఉంటుంది. రెండో తరంలో టర్బో లేని బండి కొత్తవాడికి ఇంకా అనువు, భాగాలు కాస్త తేలిగ్గా దొరుకుతాయి. అందరూ మోజుపడేది మూడో తరం, 1991లో వచ్చింది. అందులో ఒకదాని తర్వాత ఒకటి పనిచేసే రెండు టర్బోలు, వాటిని నడిపించే గాలి గొట్టాల చిక్కుముడి. వేడికి ఆ గొట్టాలు ఎండి పెళుసుబారతాయి, ఒక్కటి చిట్లినా ఎక్కడ అన్నది వెతకడానికి వారాంతాలు సరిపోవు. మొదటి పనిగా అది వద్దు. ఆర్‌ఎక్స్-8 చౌకగా కనిపిస్తుంది గానీ, అమెరికాలో దాని మొదటి మోడళ్ళకు కంపెనీయే ఇంజన్ గ్యారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకు పెంచాల్సి వచ్చిందంటే ఆలోచించుకోవాలి.

తుప్పు గురించి ఒక్క మాట. ఇంజన్‌కు భాగాలు దొరుకుతాయి, తినేసిన అడుగురేకుకు దొరకవు. ఇంజన్ పోయినా బాడీ గట్టిగా ఉన్న కారు, ఇంజన్ తిరుగుతూ కింద రేకు చిల్లులు పడ్డ కారు పక్కపక్కన ఉంటే మొదటిదే కొనాలి.

డబ్బు, చోటు, ఇల్లు

కారు ధర మొదటి కంతు మాత్రమే. ఇంజన్ విప్పించి కట్టించడానికి అమెరికాలో నిపుణుడికి వేల డాలర్లు ఇచ్చుకోవాలి. సొంతంగా చేసుకున్నా సీళ్ళ సెట్టు, గాస్కెట్లు, బాగాలేని హౌసింగులు కొనక తప్పదు. దీన్ని క్రెడిట్ కార్డు మీద మొదలుపెట్టినవాళ్ళు వడ్డీలో ఇరుక్కుంటారు. వడ్డీ హరాం అన్నది ఒక ఎత్తు, కారు రెండేళ్ళు కదలకుండా ఉంటే కంతులు కదులుతూనే ఉండటం ఇంకో ఎత్తు. చెల్లెలి పెళ్ళికో, ఇంటి అప్పుకో పంపాల్సిన డబ్బులోంచి తీసే పని అయితే సరదా కాస్తా ఇంట్లో మాటపట్టింపు అవుతుంది. నెలకు ఇంత అని పక్కనపెట్టి, ఆ నెల డబ్బుకు వచ్చిన భాగంతోనే ఆ నెల పని చేసుకునేవాళ్ళే చివరిదాకా వస్తారు. జకాత్ గురించి కూడా చాలామంది అడుగుతారు. సొంతానికి వాడుకునే కారు మీద జకాత్ లేదు. బాగుచేసి లాభానికి అమ్మాలనే ఉద్దేశంతో కొంటే అది వ్యాపార సరుకు కిందికొస్తుంది, దాని విలువ లెక్కలో చేరుతుంది. తమ పరిస్థితి చెప్పి ఆలింను అడగడం మంచిది.

ఇండియాకు తెచ్చుకుందామనే ఆలోచన ఉంటే అది దాదాపు కుదరదు. సెకండ్ హ్యాండ్ కారు దిగుమతికి మన నిబంధనల్లో మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపే ఉండాలి. అందుకే ఈ సరదా అక్కడ ఉన్నవాళ్ళకే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని పాత స్పేర్ పార్టుల బజారు తెలిసిన మనవాళ్ళకు కొంత సౌకర్యం. మాజ్దా కూడా రెండో, మూడో తరం ఆర్‌ఎక్స్-7లకు కొన్ని భాగాలు మళ్ళీ తయారుచేయిస్తోంది.

పని మొదలయ్యాక

ఏళ్ళ తరబడి నిలిపి ఉంచిన ఇంజన్‌ను కారు ఇంటికి రాగానే ఆత్రంగా స్టార్టర్‌తో తిప్పడం పెద్ద తప్పు. ఇరుక్కుపోయిన సీలు అక్కడే విరుగుతుంది. ముందు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి కొంచెం ఆయిల్ పోసి, ఒకట్రెండు రోజులు వదిలేయాలి. తర్వాత ముందు పుల్లీ బోల్టుకు పానా వేసి, అది తిరగాల్సిన దిక్కుకే, చేత్తో మెల్లగా తిప్పాలి. పాత పెట్రోలు మొత్తం తీసేయాలి, ట్యాంకులో తుప్పు చూడాలి, పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయాలి. రెండో తరం కార్లలో పెట్రోలు లైనులో ఉండే పల్సేషన్ డ్యాంపర్ కారి ఇంజన్‌కు నిప్పంటుకోవడం తెలిసిన సమస్యే. నిప్పార్పే సిలిండరు చేతికందేచోట పెట్టుకున్నాకే మొదటిసారి స్టార్ట్ చేయాలి. కారు కింద దూరేటప్పుడు ఒట్టి జాకీని నమ్మకూడదు, ఇటుకలను అసలే నమ్మకూడదు. స్టాండ్లు వేయాలి. దీనిమీద తల్లిదండ్రులు ఫోన్‌లో ఎంత సతాయించినా తప్పులేదు.

తర్వాతి డబ్బు రేడియేటర్ మీద పెట్టాలి. రంగు, చక్రాలు, సైలెన్సర్ తర్వాత. ఈ ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కితే చాలు, లోపలి సీళ్ళు పోతాయి. రియాద్ ఎండల్లో అయితే చెప్పక్కర్లేదు.

విప్పక తప్పని పరిస్థితి వస్తే భయపడాల్సింది భాగాల సంఖ్యకు కాదు. ఫ్లైవీల్ నట్టు ఒక్కటే 54 మిల్లీమీటర్లు, దానికి పెద్ద పానా, పొడవాటి గొట్టం, ఇంకో మనిషి కావాలి. అక్కడినుంచి బండలు పేర్చినట్టు ఒక్కో పొర తీయడమే. ప్రతి సీలునూ అది వచ్చిన రోటర్, మూల పేరు రాసి విడి కవర్లో పెట్టాలి. మళ్ళీ కట్టేటప్పుడు చిన్న సీళ్ళు జారిపడకుండా పట్టి ఉంచడానికి చాలామంది వాడేది చలికాలంలో పెదాలకు రాసుకునే వాజిలినే. లోపల రాసిన ఆయిల్, ఈ వాజిలిన్ అంతా మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాలి, వీధంతా తెల్లటి పొగ కమ్ముతుంది. కట్టింది తప్పయిందని కంగారుపడి ఆపేయకూడదు, కాసేపటికి తగ్గుతుంది. పక్కింటివాళ్ళకు మాత్రం ముందే చెప్పి ఉంచాలి. అక్కడినుంచి మొదటి కొన్ని వందల మైళ్ళు మెల్లగా తిప్పి, ఆయిల్ మార్చి, కంప్రెషన్ అంకెలు మళ్ళీ తీసి పుస్తకంలో రాసుకోవాలి.