చెరిపేయకండి: ఆంగ్ర్ పెన్సిలు బొమ్మలు నేర్పే పాఠం

డ్రాయింగు పీరియడ్‌లో మనిషి బొమ్మ వేయమంటే మనలో చాలామందికి పెన్సిలు కన్నా రబ్బరుతోనే ఎక్కువ పని. చెయ్యి కొంచెం వంకరపోతే చాలు, చెరిపేస్తారు. కాగితం చిరిగితే "నాకు బొమ్మలు రావు సార్" అనేస్తారు. అలాంటివాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ఫ్రాన్సు దేశంలో ఆంగ్ర్ అనే చిత్రకారుడు (1780–1867) ఉండేవారు. పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలు వేసి పేరు తెచ్చుకోవాలని ఆయన కోరిక. కానీ 1815లో నెపోలియన్ ఓడిపోయాక, రోమ్‌లో ఉన్న ఆయనకు పని ఇచ్చేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు ఊరు చూడటానికి వచ్చిన యాత్రికులకు పెన్సిలుతో బొమ్మలు వేసి ఇల్లు గడుపుకున్నారు. పొట్టకూటి కోసం వేసిన ఆ బొమ్మలనే ఈరోజు లోకమంతా మెచ్చుకుంటోంది.

1819లో ఆయన వేసిన వయొలిన్ విద్వాంసుడు పగనీని బొమ్మ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో ముఖాన్ని సన్నని నీడలతో ఎంతో ఓపికగా తీర్చారు. కోటును మాత్రం చకచకా కొన్ని గీతలతోనే వదిలేశారు. అందుకే మన చూపు నేరుగా ముఖం మీదికే పోతుంది. ఎక్కడ ఎక్కువ గీయాలో, ఎక్కడ ఆపాలో తెలియడమే అందులో నేర్పు.

ఇంకొక సంగతి. పెద్ద చిత్రం మొదలుపెట్టే ముందు ఆయన మనుషులను ఎదురుగా నిలబెట్టి అభ్యాసం చేసేవారు. ఆ కాగితాల్లో ఒకే చేతిని రెండు మూడు రకాలుగా గీసి, అన్నిటినీ అలాగే ఉంచినవి ఉన్నాయి. అంత గొప్పవారికీ మొదటి గీతే కుదరలేదన్నమాట! ఆయన సొంత ఊరు మోంటబాన్‌లోని మ్యూజియంలో 4,000కు పైగా ఆయన గీసిన బొమ్మలు ఉన్నాయి.

మనిషిని చూసి గీసే ఈ ఐరోపా పద్ధతి మన దేశానికీ వచ్చింది. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు గారు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి, ఆ శిక్షణతోనే మన తెలుగువాళ్ల రూపాలను చిత్రించారు. 1925లో, 28వ ఏట మశూచితో చనిపోయారు. ఆయన పేరుతో ఉన్న రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో పెన్సిలు స్కెచ్‌లు కూడా ఉన్నాయి.

మీరూ ప్రయత్నించండి. ఇంట్లో అవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే, లేదా బొమ్మిడి స్టేషన్‌లో ఎవరైనా రైలు కోసం ఎదురుచూస్తుంటే, పది నిమిషాలు చూసి గీయండి. ముందు హెచ్.బి. పెన్సిలుతో తేలిగ్గా తల, భుజాలు, నడుము ఎక్కడెక్కడో గుర్తు పెట్టుకోండి. తప్పు గీత పడితే చెరపకుండా, పక్కనే సరైన గీత గీయండి. నీడలకు 2బి వాడండి.

వచ్చే డ్రాయింగు పీరియడ్‌కు ఆ కాగితం తెండి, తప్పు గీతలతో సహా.