వేదనకు హేతువు ఒక్కటి కాదు



ఆలయమునకు వచ్చు పెద్దలు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, ఈ నడుము నొప్పి నా ప్రారబ్ధమేనా? అనుభవించుట తప్ప మార్గము లేదా?" ఈ ప్రశ్నను ఒకప్పుడు నేనును వేసికొంటిని, తొందరపడి తప్పు సమాధానము చెప్పుకొంటిని. కావున నేడు దీనిని కొంత విచారింతము.

చరకసంహితలో శారీరస్థానమునందలి మొదటి అధ్యాయమునకు కతిధాపురుషీయమని పేరు. వేదనకు ఆశ్రయమేది యని అందొక ప్రశ్న. మనస్సును, ఇంద్రియములతో కూడిన దేహమును ఆశ్రయములని సమాధానము. ఇక దుఃఖహేతువులు మూడు విధములుగా చెప్పబడినవి: బుద్ధి, ధృతి, స్మృతి దారి తప్పుట, కాలకర్మముల ప్రాప్తి, తనకు సరిపడని విషయములతో ఇంద్రియములు కూడుట. కర్మ యనునది ఇందొక భాగము మాత్రమే. తక్కినవానిలో పెక్కు మన చేతిలోనివే.

నేటి వైద్యశాస్త్రమును ఈ విషయమున దూరముగా లేదు. నరములు తెచ్చిన వార్తను మెదడు గ్రహించినప్పుడే నొప్పి తెలియును. నిద్రలేమి, దిగులు, భయము ఆ బాధను పెంచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడిరి. వారిలో నూటికి సుమారు 90 మంది విషయమున, ఫలానా వ్యాధియే కారణమని నిశ్చయముగా చూపుటకు వీలుపడదు. కదలక కూర్చుండుట, అధిక బరువు, పొగత్రాగుట, శ్రమతో కూడిన పని, మనోవ్యథ మొదలైనవి కలిసి పని చేయుచుండును.

నా సంగతి చెప్పెదను. నా ధర్మపత్ని గతించిన యేడు నాకు నడుము నొప్పి ఆరంభమైనది. ఉదయము నుండి గంటల తరబడి ఒకే ఆసనమున పారాయణము చేయువాడను. రాత్రులు నిద్ర లేదు. భోజనమునకు వేళ లేదు. ప్రారబ్ధమని ఆరు నెలలు ఊరకుంటిని. తుదకు సంధ్యావందనమునకైనను కూర్చుండలేని స్థితి వచ్చెను. అప్పుడు మా అబ్బాయి పట్టుబట్టి వైద్యుని కడకు తీసికొనిపోయెను. ఆయన పరీక్షించి, ఎముకలలో వయస్సుకు తగిన అరుగుదల తప్ప మరేమియు లేదనెను. పిమ్మట ఇట్లడిగెను: "ఎంతసేపు కూర్చుందురు? ఎంత దూరము నడతురు? ఎన్ని గంటలు నిద్రింతురు? ఇంట ఎవరితో మాటలాడుదురు?" కడపటి ప్రశ్నకు నాకు మాట రాలేదు, కన్నీరు వచ్చెను.

నాటి నుండి అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయుచున్నాను. ఉభయసంధ్యలందును ఆలయ ప్రదక్షిణము చేయుచున్నాను. వేళకు భుజించి, వేళకు శయనించుచున్నాను. సాయంకాలము విద్యార్థులతో కొంతసేపు ముచ్చటింతును. నొప్పి పూర్తిగా పోలేదు గాని, మరల ఆసనమున కూర్చుండి పారాయణము చేయగలుగుచున్నాను.

కనుక నొప్పి కలిగినవారు తమ ఆహారము, నిద్ర, శ్రమ, విశ్రాంతి, మనస్సు అను అయిదింటిని పరిశీలించుకొనవలెను. అయితే గుండెలో నొప్పి, కాలుసేతుల బలము తగ్గుట, నడుము నొప్పితో జ్వరము, మలమూత్రములు పట్టు తప్పుట కనిపించినచో విచారణకు కూర్చుండరాదు. వెంటనే వైద్యశాలకు పోవలెను.

మరియొక మాట. బాధపడుచున్నవారితో "నీ కర్మ" అని ఎవరును అనరాదు. ఆ మాట నొప్పిని తగ్గింపదు, దిగులును పెంచును. ప్రక్కన కూర్చుండి, "నిద్ర పట్టుచున్నదా? భోజనము చేసితివా?" అని అడుగుటయు ఈశ్వరసేవయే. పూర్వకర్మము మనకు కనిపించునది కాదు. నేటి నడవడి కనిపించునదే. దానిని దిద్దుకొనుటయు కర్మయే, ధర్మమే. దేహము ధర్మసాధనమని నమ్మువారు దానిని ఉపేక్షింపరాదు.

శుభం భూయాత్.