టెలిఫోను ఖాతాకు రహస్య సంఖ్య

రైతు సోదరుల సెల్‌ఫోను నంబరు నేడు పట్టాదారు పాసుపుస్తకమంత విలువైనది. పి.ఎం. కిసాన్ ధ్రువీకరణకు ఓ.టి.పి. దానికే వచ్చును. ధాన్యపు సొమ్ము బ్యాంకులో జమ అయినట్లు కబురు దానికే చేరును. పాసుపుస్తకమును పెట్టెలో పెట్టి తాళము వేయువారిలో పెక్కుమంది, ఫోనులోని సిమ్ముకు కూడ తాళము కలదని ఎరుగరు. ‘పిన్’ అను రహస్య సంఖ్యయే ఆ తాళము.

ఫోను చేసిన మనిషి నిజముగా ఖాతాదారుడేనని టెలిఫోను కంపెనీ గుమాస్తా ఎట్లు తెలుసుకొనును? పేరు, పుట్టిన తేదీ, ఊరు అడుగుననుకొందము. ఇవి పొరుగువారికి తెలియనివి కావు. ఆధారు జిరాక్సు కాపీలు ఎరువుల దుకాణము మొదలు సహకార సంఘము వరకు ఎన్ని చోట్ల ఇచ్చితిమో మనకే గుర్తుండదు.

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ అను కంప్యూటర్ల కంపెనీ, తన డైరెక్టర్ల సమావేశ విషయములు పత్రికలకు ఎవరు చేరవేయుచున్నారో కనుగొనుటకు పరిశోధకులను నియమించెను. వారు ఆ డైరెక్టర్లుగను, విలేఖరులుగను నటించి, టెలిఫోను కంపెనీల నుండి వారి కాల్ వివరములు రాబట్టిరి. 2006లో ఈ సంగతి బయటపడినది. ఇట్టి నటన నేరమని 2007 జనవరిలో చట్టమయ్యెను. ఆ ఏప్రిలులో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, పాస్‌వర్డు చెప్పనివారికి కాల్ వివరములు ఫోనులో తెలుపరాదని కంపెనీలను కట్టడి చేసెను. పాస్‌వర్డు లేనిచో రికార్డులోని చిరునామాకు పోస్టులో పంపవచ్చును, లేదా రికార్డులోని నంబరుకు కంపెనీయే ఫోను చేయవచ్చును. సులభముగా దొరకు వ్యక్తిగత వివరములను బట్టి ఖాతాదారుని గుర్తించి పాస్‌వర్డు ఇయ్యరాదనియు, అది మారిన వెంటనే ఖాతాదారునకు తెలుపవలెననియు కూడ విధించెను. పుట్టిన సంవత్సరమునే పిన్‌గా పెట్టుకొను మన అలవాటు ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

మన రైతుకు కాల్ వివరములకన్న ఓ.టి.పి. ముఖ్యము. సంతలో ఫోను పోయినదనుకొనుడు. తెరకు తాళమున్నను, దొంగ సిమ్ము తీసి తన ఫోనులో వేసిన చాలును, ఓ.టి.పి.లు అతనికే చేరును. సిమ్ముకు పిన్ ఉన్నచో ఏ ఫోనులో వేసినను ముందు ఆ సంఖ్యను అడుగును. ఇది యు.పి.ఐ. పిన్ కాదు, రెండును వేరు, రెంటికిని ఒకే సంఖ్య పెట్టరాదు.

ఫోను సెట్టింగులలో ‘సిమ్ లాక్’ అనుచోట దీనిని పెట్టవచ్చును. మొదట కంపెనీవారు పెట్టిన పాత పిన్ అడుగును. అది తెలియనిచో ఊహించి నొక్కరాదు, కంపెనీనే అడుగవలెను. మూడుసార్లు తప్పు నొక్కినచో సిమ్ము మూసుకొని ‘పి.యు.కె.’ అను ఎనిమిదంకెల సంఖ్య అడుగును. దానిని పదిసార్లు తప్పు నొక్కినచో ఆ సిమ్ము ఇక పనికిరాదు. తరువాత నాలుగు మొదలు ఎనిమిది అంకెలలో మీ సంఖ్యను పెట్టుకొనవలెను. ఫోను ఆపి తిరిగి తెరచిన ప్రతిసారి ఇది అడుగును. కొంత విసుగే, కాని భరింపదగినది.

పిన్ అన్నిటిని ఆపలేదు. ఎవరైన మీ పేర డూప్లికేటు సిమ్ము తీసినచో మీ సిమ్ముకు వేసిన తాళము దానికి అడ్డు కాదు. ఇరుగుపొరుగు ఫోనులకు సిగ్నలు ఉండి, మీ ఫోనుకు మాత్రము హఠాత్తుగా పోయినచో వెంటనే కంపెనీని, బ్యాంకును అడుగవలెను. సొమ్ము పోయినచో 1930 నంబరుకు ఫోను చేయవలెను.

అన్నిటికన్న చిక్కైనది మరొకటి కలదు. కొందరు రైతుల బ్యాంకు ఖాతాలకు ఎరువుల వ్యాపారి నంబరో, కంప్యూటరు సెంటరు కుర్రవాని నంబరో వ్రాయబడి యుండును. ఇట్టివారు ఎన్ని పిన్‌లు పెట్టినను ప్రయోజనము లేదు, ఓ.టి.పి. పరుల చేతికి పోవుచుండును. ముందు బ్యాంకులోను, ఆధారులోను సొంత నంబరు వ్రాయించుకొనవలెను. గ్రామాధికారులు తమ జాబితాలలో ఒకే నంబరు పలువురు రైతుల పేర కనిపించినచో వారిని పిలిచి చెప్పుట మంచిది. సహాయము చేయు సందర్భమున రైతు పిన్‌ను రిజిస్టరులో వ్రాసి ఉంచరాదు. ఆ సంఖ్యను రైతే స్వయముగా నొక్కవలెను.