పాయింట్ 500 రివాల్వర్: చేతికి తగిలే లెక్క

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 2003లో తెచ్చిన మోడల్ 500 రివాల్వర్ గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది బుల్లెట్ శక్తి. 19.4 గ్రాముల బుల్లెట్ సెకనుకు సుమారు 630 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. శక్తి 3,900 జౌళ్లకు దగ్గర. మన దేశంలో లైసెన్సు ఉన్నవాళ్లు ఎక్కువగా కొనే .32 రివాల్వర్ తూటా 150 జౌళ్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే ఇరవై ఆరు రెట్ల తేడా. కానీ షూటింగ్ రేంజికి వెళ్లి ఈ తుపాకీని మొదటిసారి పట్టుకునే మనిషికి ఆ అంకెతో పెద్దగా పని లేదు. ఆ శక్తి అంతా టార్గెట్ వైపు పోతుంది. అరచేతి వైపు వచ్చేది వేరే అంకె, దాదాపు 60 జౌళ్లు. మొదటిసారి కాల్చేవాళ్లు వెళ్లేముందు అర్థం చేసుకోవాల్సింది దీన్నే.

ముందు తుపాకీ సంగతి. ఎనిమిది అంగుళాల పైచిలుకు బ్యారెల్ ఉన్న రకం ఆ చివర నుంచి ఈ చివరకు 15 అంగుళాలు, తూటాలు లేకుండానే 2 కిలోలు దాటుతుంది. రెండు చేతులూ చాచి గురి చూస్తూ కాసేపు నిలబడితే చాలు, గొట్టం కొసన ఉన్న గురి గుర్తు వణకడం మొదలవుతుంది. రివాల్వర్ అనగానే మనకు ఆరు గదుల సిలిండర్ గుర్తొస్తుంది, దీనికి ఉన్నవి ఐదే. కారణం పీడనం. అరంగుళం లావు, 41 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఇత్తడి తొడుగులో మందు అంటుకోగానే పీడనం 60,000 పీఎస్ఐ దాకా పోవచ్చు. వాతావరణ పీడనానికి ఇది నాలుగు వేల రెట్లు. .44 మాగ్నమ్‌కు ఈ పరిమితి 36,000 మాత్రమే. ఆరో గది తొలిస్తే గదుల మధ్య గోడలు పలచబడతాయి. అందుకే ఒక గది తగ్గించి, ఉన్న ఉక్కును మందంగా వదిలారు. పాత చట్రాలు ఏవీ ఈ పీడనానికి సరిపోక, ఎక్స్ ఫ్రేమ్ అని కొత్త చట్రమే తయారు చేశారు.

తూటాకున్న ఆ అరంగుళం లావుకు చట్టంతోనూ సంబంధం ఉంది. అమెరికాలో 1968 నాటి చట్టం ప్రకారం గొట్టం లోపలి వ్యాసం అరంగుళం మించితే, వేటకు వాడే షాట్‌గన్‌ల వంటి మినహాయింపులు పోగా, ఆ ఆయుధం బాంబులు, గ్రెనేడ్ల వర్గంలోకి పోతుంది. పాయింట్ 500 సరిగ్గా ఆ గీత దగ్గర ఆగింది.

ఇంత దూరం రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. 1935లో .357 మాగ్నమ్, 1955 చివర్లో .44 మాగ్నమ్ వచ్చాయి. 1971లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘డర్టీ హ్యారీ’ సినిమాతో ఆ .44 ప్రపంచమంతా తెలిసింది. 2003లో తూటాల కంపెనీ కార్‌బాన్‌తో కలిసి స్మిత్ అండ్ వెసన్ తయారుచేసిన .500 అంతకు ముందువాటిని వెనక్కి నెట్టింది. ఇది పుట్టింది వేట కోసం. పెద్ద జంతువులను వేటాడేవాళ్లకు, ఎలుగుబంట్లు తిరిగే చోట రైఫిల్ మోయలేనివాళ్లకు. రేంజిలో సరదాగా కాల్చేవాళ్లు తర్వాత వచ్చారు.

ఇక ఆ 60 జౌళ్ల లెక్క. బుల్లెట్ ముందుకు ఎంత ఊపుతో పోతే తుపాకీ వెనక్కి అంతే ఊపుతో రావాలి. ఊపు అంటే బరువును వేగంతో హెచ్చవేస్తే వచ్చేది. 0.0194 కిలోల బుల్లెట్, 630 మీటర్ల వేగం కలిస్తే 12.2 వస్తుంది. దీనికి మందును కలపాలి. చాలామంది ఈ మందును మర్చిపోతారు. రెండున్నర గ్రాముల పైన ఉన్న మందు మండి వాయువుగా మారి బుల్లెట్ కంటే వేగంగా, సెకనుకు 1,200 మీటర్ల చొప్పున గొట్టం నుంచి తోసుకొస్తుందని లెక్క వేస్తారు. దాని వాటా ఇంకో 3. మొత్తం 15 దాటింది. దాన్ని తుపాకీ బరువు 2.04తో భాగిస్తే సెకనుకు ఏడున్నర మీటర్లు. రెండు కిలోల బెల్లం దిమ్మ మొదటి అంతస్తు మేడ మీద నుంచి జారి అరచేతుల్లో పడితే ఎంత వేగంతో తగులుతుందో ఇదీ అంతే. శక్తిలోకి మారిస్తే 58 జౌళ్లు.

ఇదే సూత్రంతో మిగతావాటినీ లెక్కిస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. .22 టార్గెట్ పిస్తోలు చేతికి అర జౌల్ ఇస్తుంది, అదీ సరిగా ఇవ్వదు. మామూలు 9 ఎంఎం పిస్తోలు 5 జౌళ్లు. ఆరంగుళాల గొట్టం ఉన్న .44 మాగ్నమ్ 25 నుంచి 27. పాయింట్ 500 దానికి రెండింతలు. 9 ఎంఎం అలవాటైన చెయ్యి నేరుగా దీని దగ్గరకొస్తే పది, పదకొండు రెట్ల తన్ను తినాలి. బుల్లెట్ శక్తి మాత్రం ఎనిమిది, తొమ్మిది రెట్లే పెరిగింది. చేతికి వచ్చే వాటా అంతకంటే వేగంగా పెరుగుతుందన్నమాట.

బరువు గురించి ఒక్క మాట. బరువు చూసి భయపడేవాళ్లు, ‘కాస్త పొట్టిది ఇవ్వండి, తేలిగ్గా ఉంటుంది’ అని అడుగుతారు. అడగకూడనిది అదే. ఇదే మోడల్‌లో నాలుగు అంగుళాల గొట్టం ఉన్నది 1.6 కిలోలు. పొట్టి గొట్టంలో బుల్లెట్ వేగం కొంత తగ్గుతుంది, అయినా తన్ను తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. ఈ లెక్కలో బరువు కాల్చేవాడి పక్షాన ఉంటుంది. గొట్టం చివర పైభాగంలో ఉన్న రంధ్రాలదీ అదే పని. వాటి గుండా వాయువు పైకి చిమ్మి, ఎగిరే మూతిని కిందికి తొక్కుతుంది. కాబట్టి 58 అనేది కాగితం మీది అంకె, చేతికి తగిలేది అంతకంటే కొంత తక్కువ. పిడికి తొడిగిన మెత్తని రబ్బరు శక్తిని తగ్గించదు గానీ, అదే దెబ్బను ఇంకాస్త ఎక్కువసేపు పరిచి ఇస్తుంది.

ఈ లెక్కలన్నిట్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒకటుంది. గుండు గొట్టంలో ఎంతసేపు ఉంటుంది? సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ వ్యవధిలో తుపాకీ ఎంత వెనక్కి జరుగుతుంది? బుల్లెట్, మందు కలిసి తుపాకీ బరువులో నూరో వంతు. అవి పావు మీటరు ముందుకు కదిలితే తుపాకీ వెనక్కి జరిగేది రెండున్నర మిల్లీమీటర్ల లోపే. మనం చూసే ఆ భయంకరమైన ఎగురుడు, నుదుటి దాకా లేచే గొట్టం, అదంతా బుల్లెట్ బయటికెళ్లాక జరిగేదే. బుల్లెట్ గొట్టంలో ఉన్నప్పటి ఆ కొద్దిపాటి కదలికను గురి గుర్తులు సరిచేసేటప్పుడే లెక్కలోకి తీసుకుంటారు.

అంటే తన్ను గురిని చెడగొట్టదు. తన్ను వస్తుందన్న భయం చెడగొడుతుంది. మనిషి స్పందించడానికి సెకనులో ఆరో వంతో ఏడో వంతో కావాలి. గుండు పోయే వ్యవధిలో ఎంతటివాడైనా ఏమీ చెయ్యలేడు. చేసేదంతా ముందే చేస్తాడు. ట్రిగ్గర్ సగం దూరం రాగానే కళ్లు మూసుకుంటాయి, భుజాలు ముందుకు తోస్తాయి, గొట్టం మూతి కిందికి వాలుతుంది. దీన్ని పట్టుకోవడానికి శిక్షకుడు మందు లేని ఉత్తుత్తి తూటాలను అసలువాటితో కలిపి, కాల్చేవాడికి కనబడకుండా నింపుతాడు. ఉత్తుత్తి తూటా దగ్గర తుపాకీ హ్యామర్ (సుత్తి) ‘టిక్’ అని పడుతుంది. పేలుడు లేదు, పొగ లేదు, తన్నూ లేదు. అయినా గొట్టం మూతి జానెడు కిందికి వాలుతుంది. దాన్ని ఒక్కసారి తన కళ్లతో చూసుకున్నవాడికి వేరే పాఠం అక్కర్లేదు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, శరీరం నేర్చుకున్న అలవాటు. పెద్ద తుపాకీతో మొదలుపెట్టినవాళ్లకు ఈ అలవాటు గట్టిగా పాతుకుపోతుంది, తర్వాత .22 పట్టుకున్నా వదలదు. అందుకే మెట్లు దాటకుండా ఎక్కాలంటాను. ముందు .22, తర్వాత .357 రివాల్వర్‌లో మెత్తని .38 స్పెషల్ తూటాలు (దాని సిలిండర్‌లో ఇవి పడతాయి), ఆ తర్వాతే .357, .44. పాయింట్ 500కు కూడా తక్కువ మందు పెట్టిన తూటాలు అమ్ముతారు. మొదటిది అలాంటిదైతే ఎంతో మేలు.

సిలిండర్‌లో ఐదు గదులున్నాయని ఐదూ నింపకూడదు. కొత్తవాళ్ల చేతికి ఈ తుపాకీ ఇచ్చేటప్పుడు ఒక్క తూటాయే. దీనిమీద బేరం లేదు. కారణం వినండి. తన్ను రాగానే చెయ్యి తనకు తానే బిగుసుకుంటుంది. ఆ బిగింపులో ట్రిగ్గర్ మీదున్న వేలు కూడా బిగుస్తుంది. డబుల్ యాక్షన్ రివాల్వర్‌కు హ్యామర్ లాగాల్సిన పని లేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు సిలిండర్ తిరిగి ఇంకోటి పేలుతుంది. అప్పటికి గొట్టం ఆకాశం వైపో, కాల్చేవాడి తల వైపో తిరిగి ఉంటుంది. తనకు తెలియకుండా రెండోది కాల్చినవాళ్లు ఉన్నారు.

ఆ ఒక్క తూటాను ఏ గదిలో పెట్టాలన్నదీ చూడాలి. ఈ కంపెనీ సిలిండర్ వెనక నుంచి చూస్తే ఎడమ వైపుకు తిరుగుతుంది. హ్యామర్ లాగినప్పుడు పైకి వచ్చేది ఇప్పుడు పైనున్న గది కాదు, దాని కుడిపక్కది. మంచి శిక్షకుడు సిలిండర్ తెరిచి, ఆ గదిలో తూటా జారవిడిచి, అలాగే మూసి ఇస్తాడు, గురి పెట్టాకే హ్యామర్ లాగమంటాడు. హ్యామర్ లాగి ఉంటే ట్రిగ్గర్ కూడా తేలిక. రెండు కిలోల లోపు ఒత్తిడి చాలు. లాగకుండా నొక్కాలంటే ఐదు కిలోల పైమాట, ఆ బలంతోనే గురి పక్కకు పోతుంది.

పిస్తోలు అలవాటున్నవాళ్లు బొటనవేళ్లు రెండూ ముందుకు చాచి పట్టుకుంటారు. ఇక్కడ అది ప్రమాదం. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య కాగితమంత సందు ఉంటుంది, సుమారు 0.15 మిల్లీమీటర్లు. అన్ని వేల పీఎస్ఐల వాయువులో కొంత పక్కకు అక్కడి నుంచే చిమ్ముతుంది. వేలు అడ్డం ఉంటే చర్మం దగ్గర ఆగదు. రెండు బొటనవేళ్లూ వెనకే, ఒకదాని మీద ఒకటి వేసి నొక్కిపట్టాలి. మోచేతులు బిర్రబిగించకూడదు, కొద్దిగా వంగి ఉంటే ఆ ఏడున్నర మీటర్ల వేగాన్ని అవి మింగుతాయి.

చెవుల లెక్క చిన్నదే గానీ తిరిగిరాని లెక్క. పేలుడు శబ్దానికి 140 డెసిబెల్స్ మించితే ఒక్కసారికే వినికిడి పోయే ప్రమాదం మొదలవుతుంది. పెద్ద మాగ్నమ్ రివాల్వర్ 160 దాటుతుంది. పైకి చిమ్మే రంధ్రాలున్నవి కాల్చేవాడికీ పక్క లేన్‌లోవాళ్లకూ మరింత గట్టిగా వినిపిస్తాయి. చెవిలోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోవాలి. రెండిటి అంకెలూ కలిపేసుకోకండి. 30 తగ్గించేదాని మీద ఇంకోటి పెడితే అదనంగా వచ్చేది 5 డెసిబెల్స్ వరకే. ఆ ఐదూ కూడా కావాలి. ఇంటికెళ్లాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవొద్దు, సీసపు ధూళి కంటికి కనబడదు.

ఈ తుపాకీని కాల్చడం, గురి చూసి కాల్చే క్రీడ రెండూ ఒకటి కావు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుతో, 25 మీటర్ల .22 పిస్తోలుతో. ఆ ఎయిర్ పిస్తోలు గుండు శక్తి ఆరు జౌళ్ల దగ్గర ఉంటుంది. బరువు 1.5 కిలోలు మించకూడదు, ట్రిగ్గర్ 500 గ్రాముల కంటే తేలిగ్గా ఉండకూడదు. మన పిల్లలు ఎవరైనా షూటింగ్ నేర్చుకుంటామంటే చూపించాల్సిన దారి అది. పాయింట్ 500 నేర్పేది గురి కాదు, భౌతికశాస్త్రంలో ఒక పాఠం. అది కూడా విలువైనదే.

ఇక అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు, అక్కడికి చూడబోయేవాళ్లకు తప్పక తెలియాల్సిన విషయం. బి-2, ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోవడం 1998 నుంచి ఫెడరల్ చట్టం కింద నేరం. రేంజిలో అద్దెకు తీసుకుని గంటసేపు పట్టుకోవడం కూడా ఆ మాటలోకే వస్తుంది. కౌంటర్ దగ్గర ఎవరూ అడగలేదంటే అనుమతి ఉన్నట్టు కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. వీసా మీద ఉన్నవాళ్లకు ఎక్కువగా ఉపయోగపడే మినహాయింపు, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. చాలా రాష్ట్రాలు దాన్ని ఆన్‌లైన్‌లో అమ్ముతాయి. కొన్ని ముందుగా భద్రతా తరగతి పూర్తి చేయమంటాయి. వీసా స్థితి మీద ఏమాత్రం సందేహమున్నా ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే రేంజిలో బుకింగ్ చేసుకోండి. లైసెన్సు మీద గడువు తేదీ చూసుకుని, కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి.