బహుళ రైఫిళ్లకు తొలి సప్రెసర్ ఎంపిక: శాస్త్ర, సాంకేతిక, న్యాయ పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒకటికి మించిన రైఫిళ్లు కలిగిన వేటగాడు లేదా లక్ష్యసాధకుడు మొదటిసారి సప్రెసర్ కొనేటప్పుడు ఏ ప్రమాణాలను ఆధారం చేసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. శబ్దం పుట్టే తీరు, చట్టపరిమితులు, రంధ్రపు కొలత, మరలు, పీడనం, స్వయంచాలిత రైఫిళ్లపై పడే ప్రభావం ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: సప్రెసర్, సైలెన్సర్, డెసిబెల్, బాఫిల్, మరలు, వెనుకపీడనం, వినికిడి రక్షణ

1. ఉపోద్ఘాతం

తెలుగునాట 'సైలెన్సర్' అనగానే మోటారుసైకిలు పొగగొట్టం గుర్తుకు వస్తుంది. తుపాకి సైలెన్సర్‌తో దానికి ఉన్నది పేరులోని సామ్యం మాత్రమే కాదు. హైరమ్ పెర్సీ మాక్సిం తుపాకి సైలెన్సర్‌కు 1909 మార్చి 30న పేటెంటు పొందాడు. వేడి వాయువులను ఒక్కసారిగా బయటకు వదలక, గదులలో తిప్పి, వేగం తగ్గించి పంపే అదే సూత్రాన్ని ఇంజన్ల పొగగొట్టాలకూ అన్వయించాడు. ఇతని తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిం మెషిన్‌గన్ నిర్మాత. తాను చేసిన తుపాకుల మోతకే వినికిడి కోల్పోయాడు. ఈ సాధనం చరిత్రలో చెవికి సంబంధించిన ప్రస్తావన ఆ ఇంటి నుండే మొదలవుతుందనడం అతిశయోక్తి కాదు.

'సైలెన్సర్' అన్నది మాక్సిం ఎంచుకున్న వాణిజ్యనామం. అమెరికా చట్టంలోనూ ఆ పదమే నిలిచింది. అయితే ఆ సాధనం నిశ్శబ్దాన్ని కలిగించదు; శబ్దాన్ని కొంత అణచుతుంది. మన చలనచిత్రాలలో ప్రతినాయకుని తుపాకి నుండి వినిపించే మెత్తని 'ఫుట్' శబ్దం రైఫిల్ విషయంలో పూర్తిగా కల్పితం. కాబట్టి 'నిశ్శబ్దకం' వంటి అనువాదం ఆ భ్రమనే బలపరుస్తుంది. ఈ వ్యాసంలో వాడుకరులు ఎక్కువగా ఉపయోగించే 'సప్రెసర్' అన్న పదమే స్వీకరించబడింది.

2. శబ్దానికి మూడు మూలాలు

రైఫిల్ పేల్చినప్పుడు వినిపించేది ఒక్క శబ్దం కాదు. గొట్టం కొస నుండి అధిక పీడనంతో వెలువడే వాయువుల విస్ఫోటం మొదటిది. ధ్వనివేగాన్ని మించి సాగే బుల్లెట్ గాలిని చీల్చడం వలన పుట్టే పగులుధ్వని రెండవది. తుపాకిలోని లోహభాగాల కదలిక మూడవది. సప్రెసర్ మొదటిదానిపై మాత్రమే పనిచేస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. .308 వించెస్టర్ బుల్లెట్ సాధారణంగా 800 మీటర్ల ప్రాంతంలోను, 5.56 బుల్లెట్ పొడవైన గొట్టం నుండి 900 మీటర్లకు పైగాను ప్రయాణిస్తాయి. ఎంత ఖరీదైన సప్రెసర్ బిగించినా ఆ పగులుధ్వని పోదు. దానిని వదిలించుకోవాలంటే .300 బ్లాకౌట్ వంటి తూటాలలో ధ్వనివేగానికి లోబడిన రకాన్ని వాడాలి; అప్పుడు బుల్లెట్ శక్తి, దూరం రెండూ తగ్గుతాయి.

సప్రెసర్ లేని .308 రైఫిల్ మోత 165 డెసిబెల్‌లకు అటూ ఇటూగా ఉంటుంది. క్షణికమైన శబ్దాలకు వృత్తిభద్రతా నిబంధనలు చూపే గరిష్ఠపరిమితి 140 డెసిబెల్‌లు. మంచి సప్రెసర్ 20 నుండి 35 డెసిబెల్‌ల వరకు తగ్గిస్తుంది. డెసిబెల్ సంవర్గమానంపై ఆధారపడిన కొలమానం కనుక 30 డెసిబెల్‌ల తగ్గుదల అంటే ధ్వనితీవ్రతలో వెయ్యిరెట్ల తగ్గుదల. ఇంత తగ్గినా మిగిలిన మోత ఆ పరిమితికి చేరువలోనే ఉంటుంది. సప్రెసర్ ఉన్నదని చెవిరక్షణ మానివేయడం తగదు. పైగా ప్రకటనలలో కనిపించే సంఖ్యలు ఏ గొట్టం పొడవుతో, ఏ తూటాతో, మైకును ఎక్కడ ఉంచి కొలిచినవో చూడాలి. గొట్టం కొస పక్కన కొలిచిన సంఖ్య, కాల్చేవాని చెవి వద్ద కొలిచిన సంఖ్య ఒకటి కావు. చెవి వద్ద కొలిచినదే కొనుగోలుదారునికి అవసరం.

3. అన్నిటికీ ఒకటే ఎందుకు?

ప్రతి రైఫిల్‌కు ఒకటి చొప్పున కొనవచ్చు గదా అన్న ప్రశ్నకు సమాధానం చట్టంలో ఉన్నది. 1934 నాటి జాతీయ ఆయుధ చట్టం సప్రెసర్‌ను నమోదు చేయవలసిన ఆయుధంగా పరిగణించి, ప్రతి బదిలీపై 200 డాలర్ల పన్ను విధించింది. ఆనాటి ధరలలో అది సామాన్యునికి అందని మొత్తం. దశాబ్దాల పాటు అంకె మారకపోవడం వలన ద్రవ్యోల్బణమే దాని బరువును తగ్గించింది. 2025లో వచ్చిన చట్టసవరణ 2026 జనవరి 1 నుండి సప్రెసర్లపై ఈ పన్నును సున్న చేసింది. కాని నమోదు, వేలిముద్రలు, ఛాయాచిత్రం, నేపథ్య పరిశీలన యథాతథంగా ఉన్నాయి. నచ్చకపోతే మరొకరికి ఇచ్చివేయడానికి కూడా అదే ప్రక్రియ మళ్లీ నడవాలి. అందువలన తొలి ఎంపికలో పొరపాటు పడితే దానిని సరిదిద్దుకోవడం తేలిక కాదు. 42 రాష్ట్రాలలో పౌరులు సప్రెసర్ కలిగి ఉండవచ్చు; కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి చోట్ల నిషేధం ఉన్నది.

అక్కడి తెలుగువారికి మరొక అంశం ముఖ్యం. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు సమాఖ్య చట్టం ప్రకారం సాధారణంగా తుపాకి కలిగి ఉండరాదు. చెల్లుబాటయ్యే వేట అనుమతిపత్రం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. అదే చట్టం సప్రెసర్‌ను కూడా తుపాకి నిర్వచనంలోనే చేర్చింది. భారతీయ ఆయుధ నియమాలలోనైతే తుపాకి శబ్దాన్ని తగ్గించే ఉపకరణాలు నిషిద్ధ ఆయుధాల వర్గంలో ఉన్నాయి. నార్వేలో ఇదే సాధనం లైసెన్సు లేకుండా దుకాణంలో దొరుకుతుంది. ఒకే వస్తువును ఒక దేశం ఆయుధంగాను, మరొక దేశం ఆరోగ్యరక్షణ పరికరంగాను చూడటం న్యాయశాస్త్ర పరిశోధకులకు ఆసక్తికరమైన అంశం.

4. రంధ్రం, మర, పీడనం

ఒక వేటగాని వద్ద .308 బోల్ట్ రైఫిల్, 6.5 క్రీడ్‌మూర్, 5.56 ఏఆర్-15 ఉన్నాయనుకుందాం. వీటి బుల్లెట్ల వ్యాసాలు వరుసగా 7.82, 6.71, 5.69 మిల్లీమీటర్లు. పెద్ద రంధ్రం గల సప్రెసర్ గుండా చిన్న బుల్లెట్ సురక్షితంగా పోతుంది; దీనికి విరుద్ధంగా ఎన్నటికీ చేయరాదు. కాబట్టి అన్నిటికన్నా పెద్ద బుల్లెట్‌ను బట్టి ఎంచుకోవాలి. ఈ ఉదాహరణలో .30 కాలిబర్ సప్రెసర్ మూడింటికీ సరిపోతుంది. 5.56పై దీనిని బిగించినప్పుడు, ఆ తూటాకే ప్రత్యేకించిన దానితో పోలిస్తే కొన్ని డెసిబెల్‌ల నష్టం ఉండవచ్చు. రెండవ సప్రెసర్ కోసం పడే ప్రయాసతో పోలిస్తే ఆ నష్టం స్వల్పమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రంధ్రం సరిపోయినంత మాత్రాన చాలదు. పిస్టల్ కోసం చేసిన .45 సప్రెసర్ రంధ్రం .308 కన్నా పెద్దదే. కాని 9 మి.మీ. పిస్టల్ తూటా గరిష్ఠపీడనం చదరపు అంగుళానికి 35,000 పౌన్లు కాగా, .308 తూటాది 62,000 పౌన్లు; .45ది 9 మి.మీ. కన్నా కూడా తక్కువ. పిస్టల్ సప్రెసర్‌ను రైఫిల్ పీడనానికి గురిచేస్తే అది పగిలిపోవచ్చు. గొట్టం పొడవునూ మరువరాదు. 10 అంగుళాల 5.56 గొట్టం కొస వద్ద పీడనం 20 అంగుళాల గొట్టం కన్నా చాలా ఎక్కువ. అందుకే తయారీదారులు ప్రతి తూటాకు కనీస గొట్టపు పొడవును సూచిస్తారు. ఆ పట్టికను కొనడానికి ముందే చదవాలి.

మరల విషయంలో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. అమెరికాలో 5.56, .22 గొట్టాలకు 1/2×28 మర, .30 గొట్టాలకు 5/8×24 మర వాడుకలో ఉన్నాయి. 9 మి.మీ. పిస్టళ్లలో కూడా చాలావాటికి 1/2×28 మరే ఉంటుంది. అంటే 5.56 సప్రెసర్ 9 మి.మీ. గొట్టానికి చక్కగా బిగుస్తుంది. బుల్లెట్ మాత్రం లోపలి అడ్డుపలకలను, అనగా బాఫిళ్లను, ఢీకొంటుంది. మర కుదిరినదంటే రంధ్రం కుదిరినట్లు కాదు. ఐరోపా రైఫిళ్లలో మీటరు కొలతల మరలు ఉంటాయి కనుక నప్పని మరను బలవంతంగా బిగించరాదు. ప్రతి రైఫిల్‌కు మొదటిసారి బిగించినప్పుడు, తుపాకి ఖాళీగా ఉన్నదని రూఢి చేసుకొని, ఆ కాలిబర్‌కు తగిన తిన్నని కడ్డీని గొట్టం గుండా పంపి, అది సప్రెసర్ ద్వారం మధ్యగా వెలుపలికి వస్తున్నదో లేదో పరిశీలించాలి.

పలు రైఫిళ్ల మధ్య మార్చుకోవడానికి త్వరిత బిగింపు పద్ధతి అనుకూలం. ప్రతి గొట్టానికి ఒక స్థిరభాగం అమర్చితే సప్రెసర్ క్షణాలలో ఎక్కుతుంది. దీనివలన బరువు, ఖర్చు కొంత పెరుగుతాయి. వెనుకభాగంలో 1.375×24 మర గల సప్రెసర్లకు వేర్వేరు సంస్థల బిగింపులు పట్టడం కొనుగోలుదారునికి కలిసివచ్చే అంశం. ఒకే సంస్థకు కట్టుబడవలసిన అగత్యం తప్పుతుంది. సప్రెసర్ బిగించగానే గుండు తగిలే చోటు కొంత జరుగుతుంది. ఆ జరుగుబాటు ప్రతిసారీ ఒకే విధంగా ఉంటే దోషం కాదు. అయితే ప్రతి రైఫిల్‌ను సప్రెసర్‌తోనే మళ్లీ గురి సరిచూసుకోవాలి.

5. స్వయంచాలిత రైఫిల్, లోహం, .22

బోల్ట్ రైఫిల్‌కు లేని ఒక చిక్కు ఏఆర్-15కు ఉన్నది. సప్రెసర్‌లో నిలిచిన వాయువు గొట్టం గుండా వెనుకకు తన్నుతుంది. బోల్ట్ అవసరానికి మించిన వేగంతో కదులుతుంది. పొగ కాల్చేవాని ముఖం మీదికి వస్తుంది. భాగాలు త్వరగా అరుగుతాయి. వాయువును ముందుకు సాఫీగా వదిలే నిర్మాణం గల సప్రెసర్లు, సర్దుబాటు చేసుకోగల వాయుద్వారాలు ఈ చిక్కును తగ్గిస్తాయి. వాడకంలో ఎక్కువ భాగం ఏఆర్-15దే అయితే, కొద్దిపాటి అదనపు నిశ్శబ్దం కన్నా తక్కువ వెనుకపీడనానికే ప్రాధాన్యమివ్వడం ఉచితం.

లోహం ఎంపిక కూడా వాడుకను బట్టే ఉంటుంది. వేటగాడు కొండలెక్కి రోజుకు ఒకటి రెండు గుండ్లు కాల్చుతాడు. అతనికి తేలికైన టైటానియం మేలు. వరుసగా వేగంగా కాల్చేవారికి వేడిని తట్టుకొనే ఇంకొనెల్ లేదా ఉక్కు అవసరం.

చాలామంది ఇదే సప్రెసర్‌ను .22 ఎల్.ఆర్. రైఫిల్‌కూ బిగించాలని చూస్తారు. పీడనపరంగా అపాయం లేదు. కాని .22 తూటాలలో బుల్లెట్ చాలావరకు మెత్తని సీసం. ఆ సీసం, మసి లోపలి పలకలపై పేరుకుంటాయి. రైఫిల్ సప్రెసర్లలో పెక్కు వెల్డింగుతో మూసివేసినవి కనుక విప్పి తోమడం సాధ్యం కాదు. పేరుకున్న కొద్దీ బరువు పెరుగుతుంది, గదుల పరిమాణం తగ్గుతుంది. శుభ్రపరిచేటప్పుడు వెలువడే సీసం విషపూరితం కనుక చేతితొడుగులు తప్పనిసరి. .22కు విడదీయదగిన చిన్న సప్రెసర్‌ను తరువాత విడిగా కొనుక్కోవడమే సమంజసం. అది చవక కూడా.