నిధులు కొఱవడిననాడు నిలువవలసిన అండ

2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా విడివడి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి ప్రత్యేక జిల్లాలైన పిదప, కలెక్టరు కచేరియు పోలీసు కార్యాలయమును ప్రజలకు కొంత చేరువైన మాట నిజమే. కాని భర్త చేతి దెబ్బలకు తాళలేక నడిరేయి బిడ్డను చంకనెత్తుకొని గడప దాటిన యిల్లాలికి, ఆమె మహబూబాబాదు వైపు లంబాడ తండాలో నున్నను, భూపాలపల్లి యడవుల కావల గోదావరి దాపున పలిమెలలో నున్నను, జిల్లా కేంద్రము నేటికిని దూరమే.

చట్టము లేక కాదు. 2005లో పార్లమెంటు చేసిన గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. కాపురమున్న యింటినుండి ఆమెను వెడలగొట్టరాదనియు, మేజిస్ట్రేటు రక్షణోత్తరువును భరణమును ఈయవచ్చుననియు, దరఖాస్తును 60 దినములలో పరిష్కరింప యత్నింపవలెననియు అందు కలదు. 2015లో కేంద్రప్రభుత్వము ‘సఖి’ కేంద్రముల పథకమును నెలకొల్పినది. వైద్యము, న్యాయసలహా, పోలీసు సహాయము, కౌన్సెలింగు, అయిదు దినముల వసతి ఒక్కచోటనే దొరకుట దాని యుద్దేశము. అయితే ఇవి గ్రాంటుపై నడచునవి. గ్రాంటు విడత ఆలస్యమైనచో జీతము ఆలస్యమగును. జీతము లేక కౌన్సెలరు ఉద్యోగము విడిచిపోయిన నాడు, ఆమె యొక్కతెకే మనసు విప్పి చెప్పుకొన్న స్త్రీ, క్రొత్తగా వచ్చిన వ్యక్తి యెదుట మొదటినుండి తన గోడు మరల చెప్పుకొనవలసి వచ్చును. చాలమంది చెప్పుకొనరు, మరలిపోవుదురు. నిధులలేమి వలన గలుగు నష్టములలో లెక్కపుస్తకమున కానరానిది ఇదియే.

ఇక అయిదు దినములు గడచిన తరువాత ఆమె యెక్కడికి పోవలెను? తల్లిగారింట చోటున్న సరే, లేనిచో ఊరివారే దిక్కు. ఊరు అండగా నిలుచుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు: తెలంగాణ పోరాటపు తొలినాళ్లలో, నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో, విసునూరు దేశముఖు మనుషులు చాకలి ఐలమ్మ పంటను కొనిపోవచ్చినపుడు దొరల నెదిరించు సంఘమువారు అడ్డుపడి ఆ ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. కాని గడీలోని దొరను ఎదిరించుట యొకటి, పక్కయింటి అన్నను, వరుసకు బావను నిలదీయుట మరియొకటి. నా యెఱుకలో రెండవదియే కష్టతరము. ఇరుపక్షముల చేత ధరావతు కట్టించుకొని కూర్చుండు పెద్దమనుషుల పంచాయితీలో, ‘సర్దుకుపో బిడ్డా’ యను మాటయే తరచుగా తీర్పగుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో వివాహితలలో నూటికి సుమారు 37 మంది భర్త హింసను చవిచూచినవారే. దేశము మొత్తముమీద హింసకు గురియైన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే.

అందుచేత పంచాయితీకంటె మహిళాసంఘమే మేలు. ఉమ్మడి రాష్ట్రమున ఇందిరా క్రాంతి పథము క్రింద పొదుపుసంఘముల మండల సమాఖ్యలలో సామాజిక కార్యాచరణ కమిటీలు ఏర్పడి, సంఘపు స్త్రీలే కుటుంబ సలహా కేంద్రములను నడిపిరి. పొదుపు లెక్కలు చూచుటకు ఎటులను కూడుకొను స్త్రీలు, ‘ఫలానా ఆమె ఈ నెల ఎట్లున్నది?’ యని యొక ప్రశ్న వేసికొనుటకు గ్రాంటు అక్కరలేదు. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు గనుక, కోర్టు వాయిదాకు తోడుపోవుటకు బస్సుఖర్చు కూడ లేదు. పోవునది కూలి యొక్కటే. ఆ కూలిని సంఘము వంతులవారీగా పంచుకొనవచ్చును. న్యాయవాదిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ నియమించును.

అట్లని సర్కారు చేయవలసిన పనిని పేదస్త్రీల భుజములపై మోపి, దానికి ‘ప్రజల భాగస్వామ్య’మని పేరిడుట అన్యాయము. గాయమునకు కట్టుగట్టుట, బెదిరించు మగనినుండి కాపాడుట, నెలలతరబడి వసతి కల్పించుట ఇరుగుపొరుగు చేయగలవి కావు. వాటికి జీతమందుకొను మనిషియు, తలుపు మూయని కేంద్రమును ఉండితీరవలెను.

ఇరుగుపొరుగువారికి ఒక్క మాట. గృహహింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న యెవరైనను గృహహింస చట్టము క్రింద నుండు రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారికి ఎట్టి చిక్కును రాదని ఆ చట్టము నాలుగవ సెక్షనే చెప్పుచున్నది. మహిళల సహాయమునకై 181 నంబరు రేయింబవళ్లు పనిచేయును.