పాతికేళ్లకే చేతులు వణుకుతున్నాయా? ఒకసారి కళ్లు కూడా చూపించండి

వణుకు అనగానే ముసలితనం అనుకుంటాం. కానీ ఇరవై, ముప్పై ఏళ్లకే చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, చొంగ కారడం, సంతకం మారిపోవడం మొదలైతే అనుమానించాల్సిన జబ్బు ఒకటుంది. అదే విల్సన్ వ్యాధి. 1912లో దీన్ని వివరించిన న్యూరాలజిస్టు కినియర్ విల్సన్ పేరే దీనికి స్థిరపడింది.

మనం తినే తిండిలో రాగి ఉంటుంది. (రాగి సంకటి కాదు, లోహం.) ఎక్కువైన రాగిని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఈ పని చేయించే ఏటీపీ7బీ జన్యువు అమ్మ నుంచీ, నాన్న నుంచీ లోపంతోనే వస్తే ఆ రాగి లోపలే ఉండిపోతుంది. ముందు కాలేయంలో, తర్వాత మెదడులో కదలికలను అదుపు చేసే భాగాల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది. పుట్టుకతో వచ్చిన లోపం పెద్దయ్యాక బయటపడేది అందుకే. కొందరిలో మొదట కనిపించేది కోపం, దిగులే. తాయెత్తులతో నెలలు గడిచిపోయేది ఇక్కడే.

మేనరికం పెళ్లిళ్లున్న ఇళ్లలో ముప్పు ఎక్కువ. ఒకరికి తేలితే తోడబుట్టిన ఒక్కొక్కరికీ 25 శాతం అవకాశం ఉంటుంది. లక్షణాలు లేకపోయినా వాళ్లకు పరీక్షలు చేయించాల్సిందే. ముందే మందు మొదలైతే వణుకు రాకుండానే ఆపొచ్చు.

నెల్లూరు సర్వజన ఆసుపత్రికి వెళ్తే కంటి విభాగంలోనూ చూపించమని అడగండి. స్లిట్ ల్యాంప్ కింద నల్లగుడ్డు అంచున గోధుమ, ఆకుపచ్చ రంగు వలయం కనిపిస్తే అది పెద్ద ఆధారం. రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి పరీక్షలూ కావాలి. న్యూరాలజీకి తిరుపతి స్విమ్స్ దగ్గర. జన్యు సలహాకు హైదరాబాద్ నిమ్స్ ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సీడీఎఫ్‌డీతో కలిసి అది ఎక్సలెన్స్ కేంద్రం.

తీరంలో ఉన్నవాళ్లకు కష్టమైన మాట: రొయ్యలు, పీతలు, ఆలిచిప్పలు, మేక కాలేయం మానుకోవాలి. జీడిపప్పు, చాక్లెట్, రాగి చెంబులో నీళ్లు కూడా వద్దు. చేపల పులుసుకు సాధారణంగా అడ్డులేదు. అయితే పథ్యం ఒక్కటే చాలదు. పెన్సిలమైన్, ట్రయెంటైన్ లాంటి మందులు రాగిని మూత్రంలోకి పంపుతాయి, జింక్ పేగుల్లోనే అడ్డుకుంటుంది. పెన్సిలమైన్ పరగడుపున వేసుకోవాలి, జింక్‌తో కలిపి వేసుకోకూడదు. మొదట్లో కొందరికి వణుకు పెరుగుతుంది. అప్పుడు మీ అంతట మీరు మందు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. బాగయ్యాక కూడా, గర్భంతో ఉన్నా సరే, మానేయకూడదు. మానేసినవాళ్లకు కొన్ని నెలల్లోనే కాలేయం పూర్తిగా చెడిపోవచ్చు.